ఇంగ్లీషు వాక్యంలో కామా ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

మీ ప్రశ్న ఇదీ: ఆఫీసు మెయిల్స్‌లో, రిపోర్టుల్లో మీరు పెట్టిన కామాల్లో సగం దిద్దేవాళ్లు కొట్టేస్తున్నారు, మీరు పెట్టని చోట కొత్తవి పెడుతున్నారు. "చదివేటప్పుడు ఎక్కడ ఆగుతామో అక్కడ కామా" అని చిన్నప్పుడు నేర్చుకున్నారు, ఇప్పటికీ అదే పాటిస్తున్నారు. మరి ఎందుకు తప్పవుతోంది? ఉదాహరణగా మీ మెయిల్లోని ఒక వాక్యం కూడా ఇచ్చారు: "ఐ వుడ్ లైక్ టు ఇన్‌ఫార్మ్ యు దట్, ద వర్క్ ఈజ్ కంప్లీట్, వి ఆర్ వెయిటింగ్ ఫర్ యువర్ అప్రూవల్."

నేను చాలా ఏళ్లుగా ఇతరులు రాసిన ఇంగ్లీషు దిద్దే పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చే కామా తప్పుల్లో ఎక్కువ భాగం ఆ "ఆగిన చోట కామా" అన్న సూత్రం నుంచే పుడతాయి. అందుకే ముందు దాని సంగతి తేల్చి, తర్వాత మీ వాక్యానికి వస్తాను. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, కాస్త పైకి చదువుకోండి.

ఆ సూత్రం ఎవరో గాల్లోంచి పుట్టించింది కాదు. పాతకాలంలో రాతని ఎక్కువగా పైకే చదివేవారు. క్రీస్తుపూర్వం అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న బైజాంటియం అరిస్టోఫనీస్ గ్రీకు రాతల్లో ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పడానికి వేర్వేరు ఎత్తుల్లో చుక్కలు పెట్టే పద్ధతి తెచ్చాడు. గ్రీకులో కొమ్మా అంటే వాక్యంలో ఒక చిన్న ముక్క, తర్వాత ఆ పేరు గుర్తుకే వచ్చేసింది. ఇప్పుడు మనం చూసే తోక ఉన్న ఆకారం 1490ల్లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన పుస్తకాలతో స్థిరపడింది. అయితే అచ్చు పుస్తకాలు పెరిగి, జనం మనసులో చదువుకోవడం అలవాటయ్యాక కామా పని మారిపోయింది. ఈనాటి ఇంగ్లీషులో అది ప్రధానంగా వాక్య నిర్మాణాన్ని చూపించే గుర్తు. ఏ మాట ఏ మాటతో కలిసి ఉందో, ఏది విడిగా ఉందో కంటికి చెబుతుంది. ఆ నిర్మాణం చాలాసార్లు మనం ఆగే చోటుతో కలుస్తుంది కాబట్టి స్కూల్లో చెప్పింది సగం వరకూ పనిచేస్తుంది. మిగతా సగంలోనే ఎర్ర సిరా పడుతుంది.

అది ఎక్కువగా పడేది కర్తకీ క్రియకీ మధ్య. "ద పీపుల్ హూ కేమ్ ఎర్లీ టు ద మీటింగ్, గాట్ ద ఫ్రంట్ సీట్స్." చదివేటప్పుడు మీటింగ్ తర్వాత ఎవరైనా ఆగుతారు, కర్త అంత పొడుగు మరి. కానీ ఆ పొడుగాటి భాగమంతా కలిసి ఒకే కర్త, దాని క్రియ "గాట్". ఆ రెండింటి మధ్య ఒంటరి కామా నిలబడకూడదు. ఇరవై మాటల కర్త అయినా ఇదే నియమం. అంత పొడుగు ఇబ్బందిగా అనిపిస్తే వాక్యాన్ని మార్చి రాయాలి, కామాతో అతుకు వేయకూడదు. పాత రాతల్లో ఇలాంటి కామాలు కనిపిస్తే కంగారుపడకండి. అమెరికా రాజ్యాంగానికి 1791లో వచ్చిన రెండో సవరణలో "ద రైట్ ఆఫ్ ద పీపుల్ టు కీప్ అండ్ బేర్ ఆర్మ్స్, షల్ నాట్ బి ఇన్‌ఫ్రింజ్డ్" అని సరిగ్గా కర్త తర్వాతే కామా ఉంది. 18వ శతాబ్దంలో కామాలు ధారాళంగా వాడేవారు, ఇప్పుడు ఆ పద్ధతి లేదు.

క్రియకీ, దాని వెనకాల వచ్చే విషయానికీ మధ్య కూడా అంతే. మీ వాక్యంలో "దట్" తర్వాత పెట్టిన కామా సరిగ్గా ఈ కోవలోదే. తెలియజేస్తున్నాను అన్నాక ఏం తెలియజేస్తున్నారో చెప్పడం మొదలుపెట్టేది ఆ "దట్". గొంతు సవరించుకున్నట్టు అక్కడ ఆగడం మనకి బాగా అలవాటు, అందుకే కామా దొర్లుతుంది. దాన్ని తీసేయండి. "సచ్ యాజ్" తర్వాత, "ఆల్దో" తర్వాత, వాక్యం మొదట్లో వచ్చే "బట్", "అండ్" తర్వాత కూడా చాలామంది ఇలాగే పెడతారు. "ఆల్దో, ఇట్ వాజ్ లేట్, వి వెయిటెడ్" అన్న దాంట్లో మొదటి కామా తప్పు, రెండోది ఒప్పు. "బట్, ఐ డిసగ్రీ" అన్నదాంట్లో కామా అక్కర్లేదు. తర్వాతి మాటని లాక్కొచ్చేందుకే ఆ పదాలు ఉన్నాయి, వాటిని విడదీస్తే పని చెడుతుంది.

మీ వాక్యంలో అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. "ద వర్క్ ఈజ్ కంప్లీట్" పూర్తి వాక్యం. "వి ఆర్ వెయిటింగ్ ఫర్ యువర్ అప్రూవల్" కూడా పూర్తి వాక్యమే. రెండు పూర్తి వాక్యాలని ఒక్క కామాతో కుట్టేశారు. దీన్ని ఇంగ్లీషులో కామా స్ప్లైస్ అంటారు. నా దృష్టిలో ఆఫీసు రాతలో అన్నిటికంటే ముందు వదిలించుకోవాల్సింది ఇదే. తెలుగులో "పని అయిపోయింది, మీ అనుమతి కోసం చూస్తున్నాం" అని హాయిగా రాసేస్తాం, ఎవరూ తప్పు పట్టరు. ఆ అలవాటే ఇంగ్లీషులోకి వచ్చేస్తుంది. అక్కడ కామాకి రెండు వాక్యాల్ని మోసేంత బలం లేదు. ఫుల్‌స్టాప్ పెట్టి రెండు వాక్యాలు చేయొచ్చు. రెండింటి సంబంధం దగ్గరిదైతే సెమీకోలన్ (;) పెట్టొచ్చు. కామా ఉంచుకోవాలనుకుంటే దాని పక్కన "అండ్", "బట్", "సో" లాంటిది ఒకటి చేర్చాలి. మీ వాక్యానికైతే నేను ఇలా రాస్తాను: "ద వర్క్ ఈజ్ కంప్లీట్, అండ్ వి ఆర్ వెయిటింగ్ ఫర్ యువర్ అప్రూవల్." ముందున్న "ఐ వుడ్ లైక్ టు ఇన్‌ఫార్మ్ యు దట్" కూడా తీసేశాను, గమనించండి. మీరు మెయిల్ పంపడమే తెలియజేయడం కదా.

ఇక్కడే "హౌఎవర్" అనే గుంట ఒకటి ఉంది, బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇందులో పడతారు. "ద రిపోర్ట్ ఈజ్ రెడీ, హౌఎవర్, ద చార్ట్స్ ఆర్ మిస్సింగ్." అర్థంలో ఇది "బట్" లాంటిదే కాబట్టి ముందు కామా సరిపోతుందనుకుంటారు. సరిపోదు. పరీక్ష చాలా సులువు: ఆ మాటని వాక్యంలో అటూ ఇటూ జరిపి చూడండి. "ద చార్ట్స్, హౌఎవర్, ఆర్ మిస్సింగ్" అనొచ్చు. "ద చార్ట్స్, బట్, ఆర్ మిస్సింగ్" అనలేం. జరిగే మాట వాక్యాలని కలిపే ముడి కాదు. అందుకే "హౌఎవర్" ముందు ఫుల్‌స్టాప్ లేదా సెమీకోలన్, తర్వాత కామా. "దేర్‌ఫోర్", "మోర్ఓవర్" కూడా ఈ జాతివే. కామాతోనే వరసపెట్టిన "ఐ కేమ్, ఐ సా, ఐ కాంకర్డ్" లాంటివి మీకు గుర్తొస్తాయి. ముక్కలు అంత పొట్టిగా, ఒకే అచ్చులో ఉన్నప్పుడు అది చెల్లుతుంది. మెయిల్‌కి దాన్ని ఆదర్శంగా తీసుకోకండి.

"అండ్" ముందు కామా పెట్టాలా వద్దా అన్న సందేహం దీని వెనకే వస్తుంది. "అండ్" తర్వాత కొత్త కర్త, దాని క్రియ ఉన్నాయేమో చూడండి. "షి ఓపెన్డ్ ద ఫైల్, అండ్ హర్ మేనేజర్ రెడ్ ఇట్." ఇక్కడ తెరిచింది ఒకరు, చదివింది ఇంకొకరు, రెండు పూర్తి వాక్యాలు, కాబట్టి కామా. "షి ఓపెన్డ్ ద ఫైల్ అండ్ రెడ్ ఇట్." రెండు పనులూ ఆమెవే, కామా వద్దు. రెండు వైపులా వాక్యాలు మరీ చిన్నవైతే మొదటి రకంలోనూ కామా వదిలేయొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంతవరకూ చెప్పినవాటిలో పొరబడితే వాక్యం అందం చెడుతుంది, అంతే. ఇక్కడ పొరబడితే అర్థమే మారిపోతుంది.

ఈ రెండు వాక్యాలు చూడండి. "ద ఎంప్లాయీస్ హూ ఫినిష్డ్ ద ట్రైనింగ్ విల్ గెట్ ఎ బోనస్." "ద ఎంప్లాయీస్, హూ ఫినిష్డ్ ద ట్రైనింగ్, విల్ గెట్ ఎ బోనస్." మాటలు అవే. మొదటిదాని ప్రకారం ట్రైనింగ్ పూర్తి చేసినవాళ్లకే బోనస్, మిగతావాళ్లకి లేదు. రెండోదాని ప్రకారం ఉద్యోగులందరికీ బోనస్, అందరూ ట్రైనింగ్ పూర్తి చేశారన్నది అదనపు సమాచారం. కామాల జతలో ఉన్నది తీసేసినా వాక్యం నిలబడుతుందని ఆ కామాలు పాఠకుడికి హామీ ఇస్తున్నాయన్నమాట. రెండో వాక్యం హెచ్‌ఆర్ మెయిల్‌లో వెళ్లిందనుకోండి, ట్రైనింగ్‌కి రానివాళ్లు కూడా బోనస్ అడగొచ్చు, వాళ్ల వాదన న్యాయమే.

తెలుగులో పెరిగిన మనకి ఇది కష్టంగా అనిపించడానికి కారణం ఉంది. "ట్రైనింగ్ పూర్తి చేసిన ఉద్యోగులు", "పదేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న మా మేనేజర్" – రెండింటి నిర్మాణం ఒకటే. మొదటిదాంట్లో ముందున్న మాటలు కొందరిని వేరుచేసి చూపిస్తున్నాయి. రెండోదాంట్లో ఉన్నది ఒక్కరే మేనేజర్, ముందున్నది అదనపు వివరం. తెలుగు ఆ తేడాని రాతలో చూపించదు, సందర్భానికి వదిలేస్తుంది. ఇంగ్లీషు మాత్రం ప్రతిసారీ తేల్చమంటుంది. అందుకని అలాంటి చోట రాసే ముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ముక్క లేకపోతే నేను ఎవరి గురించి, దేని గురించి మాట్లాడుతున్నానో పాఠకుడికి తెలుస్తుందా? తెలిస్తే కామాలు, తెలియకపోతే వద్దు.

పేర్ల దగ్గర కూడా ఇదే తర్కం. "మై బ్రదర్ రవి ఈజ్ ఎ డాక్టర్" అంటే నాకు ఇంకా సోదరులు ఉండొచ్చు, వాళ్లలో రవి. "మై బ్రదర్, రవి, ఈజ్ ఎ డాక్టర్" అంటే ఉన్నది ఒక్కడే. పేరుకి ముందు హోదా వస్తే, అంటే "మేనేజర్ రవి సెడ్" లాంటి చోట, కామా అసలే రాదు.

ఆ కామాలు జతగా ఉండాలన్నది మరీ మరీ చెబుతున్నాను. మొదటిది పెట్టి రెండోది మర్చిపోవడం నేను రోజూ చూసే తప్పు. "ద ఎంప్లాయీస్, హూ ఫినిష్డ్ ద ట్రైనింగ్ విల్ గెట్ ఎ బోనస్" అని వదిలేస్తే అదనపు వివరం ఎక్కడ ముగిసిందో తెలియదు, పైగా కర్తకీ క్రియకీ మధ్య ఒంటరి కామా మిగిలిపోతుంది. ఆ తప్పు గురించి పైనే చెప్పాను.

ఈ జత కోసం కెనడాలో పెద్ద గొడవే జరిగింది. రోజర్స్ కమ్యూనికేషన్స్ అనే కంపెనీ కేబుళ్ల కోసం అలియంట్ అనే మరో కంపెనీ అధీనంలోని కరెంటు స్తంభాలు వాడుకునే ఒప్పందం చేసుకుంది. ఆ షరతు సారాంశం ఇదీ: ఒప్పందం ఐదేళ్లు అమల్లో ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్ల చొప్పున కొనసాగుతుంది, ఎవరైనా ఏడాది ముందు నోటీసిచ్చి రద్దు చేసుకుంటే తప్ప. మొదటి ఐదేళ్లూ ఎవరూ కదిలించలేరని రోజర్స్ అనుకుంది. 2006లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆ రెండో కామాని పట్టుకుంది. రెండు కామాల మధ్య ఉన్నది తీసేసి చదివితే, రద్దు షరతు మొదటి ఐదేళ్లకీ వర్తిస్తుంది కాబట్టి ఎప్పుడైనా నోటీసు ఇవ్వొచ్చని తేల్చింది. కామా లేకపోతే ఆ షరతు కొనసాగింపు కాలానికే పరిమితమయ్యేది. 2007లో ఆ సంస్థే తన నిర్ణయాన్ని మార్చుకుంది. ఎందుకంటే ఆ ఒప్పందం నమూనాకి ఫ్రెంచ్ పాఠం కూడా ఉంది, అందులో ఈ అనుమానానికి తావు లేదు.

వ్యతిరేకార్థం వచ్చిన వాక్యంలో "బికాజ్" ముందు కూడా ఇంతే జాగ్రత్త కావాలి. మామూలుగా "బికాజ్" ముందు కామా పెట్టరు. కానీ "హి డిడ్ నాట్ టేక్ ద జాబ్ బికాజ్ హిజ్ ఫాదర్ వర్క్డ్ దేర్" అంటే ఏమిటి? ఉద్యోగం తీసుకున్నాడు, కాకపోతే తండ్రి అక్కడ ఉన్నందుకు కాదు అనా? లేక తండ్రి అక్కడ ఉన్నాడు కాబట్టే ఉద్యోగం తీసుకోలేదు అనా? "జాబ్" తర్వాత కామా పెడితే రెండో అర్థం స్థిరపడుతుంది. మొదటి అర్థమే మీకు కావాలంటే కామాల మీద భారం వేయకుండా వాక్యాన్నే మార్చేయండి.

వాక్యం మొదట్లో వచ్చే ఉపవాక్యం సంగతి తేలికే. "వెన్", "ఇఫ్", "ఆల్దో", "వైల్" లాంటి వాటితో మొదలైతే ఆ భాగం ముగిసినచోట కామా పెట్టండి. "వైల్ హి వాజ్ రీడింగ్ ద పేపర్ ఫెల్ ఆఫ్ ద టేబుల్" అని చదవండి. పేపర్ చదువుతున్నాడని అనుకుంటూ వెళ్లి, "ఫెల్" దగ్గర తట్టుకుని వెనక్కి రావాలి. "రీడింగ్" తర్వాత కామా ఉంటే ఆ అవస్థ లేదు. అదే ఉపవాక్యం చివర్లో వస్తే సాధారణంగా కామా అక్కర్లేదు: "కాల్ మి ఇఫ్ యు నీడ్ హెల్ప్." ఇక "ఇన్ 2019" లాంటి చిన్న మాటల తర్వాత పెట్టినా పెట్టకపోయినా ఒప్పే.

వరసగా చెప్పేటప్పుడు చివరి "అండ్" ముందు పెట్టే కామా గురించి జనం చాలా వాదించుకుంటారు. దాన్ని ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, పుస్తకాల ఎడిటర్లు ఎక్కువగా చూసే షికాగో మాన్యువల్ పెట్టమంటాయి. అసోసియేటెడ్ ప్రెస్ పద్ధతి పాటించే పత్రికలు మామూలు వరసల్లో పెట్టవు. రెండూ ఒప్పే, ఒకే రాతలో రెండూ కలపడం మాత్రం బాగోదు. నేనైతే పెట్టమనే చెబుతాను. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ అనే డెయిరీకీ దాని డ్రైవర్లకీ మధ్య జరిగిన కేసు చూస్తే కారణం తెలుస్తుంది. పాడైపోయే ఆహార పదార్థాల విషయంలో కొన్ని పనులకి ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదని అక్కడి చట్టం చెప్పింది. ఆ పనుల వరస చివర ఇలా ఉంది: "స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్". డ్రైవర్లు సరుకు పంపిణీ చేస్తారు, ప్యాకింగ్ చేయరు. "షిప్‌మెంట్" తర్వాత కామా ఉంటే పంపిణీ విడిగా ఒక పని, వాళ్లకి ఓవర్‌టైమ్ రాదు. కామా లేదు కాబట్టి అది షిప్‌మెంట్ కోసమో డిస్ట్రిబ్యూషన్ కోసమో చేసే ప్యాకింగ్ అని డ్రైవర్లు వాదించారు. 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ వాక్యానికి రెండు అర్థాలూ వస్తాయని, అలాంటప్పుడు కార్మికుల వైపే మొగ్గాలని చెప్పింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకి రాజీ కుదుర్చుకుంది. కోర్టు తీర్పు వచ్చాక ఆ రాష్ట్రం చట్టాన్ని సెమీకోలన్లతో తిరగరాసింది.

విశేషణాలు రెండు పక్కపక్కన వస్తే వాటి మధ్య "అండ్" పెట్టి చూడండి, తర్వాత తారుమారు చేసి చూడండి. "లాంగ్ అండ్ టైరింగ్ జర్నీ", "టైరింగ్ అండ్ లాంగ్ జర్నీ" రెండూ నిలబడతాయి, కాబట్టి "ఎ లాంగ్, టైరింగ్ జర్నీ". "త్రీ ఓల్డ్ వుడెన్ చెయిర్స్" దగ్గర ఏదీ కుదరదు, కామా వద్దు.

ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుని కామాతో వేరుచేయాలి: "కెన్ యు చెక్ దిస్, రవి?" తేదీల్లో, అమెరికన్ పద్ధతిలో "మార్చ్ 5, 2024" అని రాస్తే వాక్యం మధ్యలో సంవత్సరం తర్వాత కూడా కామా రావాలి. "5 మార్చ్ 2024" అని రాస్తే ఏదీ అక్కర్లేదు. మీ సంస్థ ఏది వాడుతుందో దానికే కట్టుబడండి.

ఇక సాధన. పంపే ముందు మీ మెయిల్లో ప్రతి కామా దగ్గరా ఆగి, అది ఎందుకు ఉందో ఒక్క ముక్కలో చెప్పండి: రెండు వాక్యాల మధ్య "అండ్"తోనా, మొదటి ఉపవాక్యం ముగిసిందా, అదనపు వివరమా, వరసా, పేరు పెట్టి పిలవడమా? జవాబు రాకపోతే తీసేయండి. ఈ ఒక్క పని కొన్నాళ్లు చేస్తే మీకే తేడా కనిపిస్తుంది. ఇంకా లోతుగా నేర్చుకోవాలనిపిస్తే, ఈ మధ్యకాలంలో వచ్చిన మంచి ఇంగ్లీషు వ్యాసంలో ఒక పేరా తీసుకుని, కామాలు లేకుండా టైప్ చేసుకోండి. మర్నాడు మీరే కామాలు పెట్టి, అసలుతో పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా ఆ రచయిత ఎందుకు పెట్టాడో, ఎందుకు వదిలేశాడో వెతకండి. కొన్నిచోట్ల, ముఖ్యంగా వాక్యం మొదట్లో వచ్చే చిన్న మాటల దగ్గర, ఇద్దరిదీ ఒప్పే అయి ఉంటుంది.